పాత వాషింగ్ మెషీన్ బట్టలను నీళ్లోడుతూ వదిలేస్తుంటే: ఏ వరుసలో ఏమేం చూసుకోవాలి

నెల్లూరులో రోహిణి కార్తె ఎండకు దండెం మీద వేసిన దుప్పటి గంట తిరక్కుండానే పెళపెళలాడుతుంది కాబట్టి, మెషీన్ బట్టలను సరిగా పిండుతోందా లేదా అన్నది ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. లోపం అప్పటికే మొదలై ఉంటుంది, ఎండ దాన్ని కప్పిపెడుతుంది, అంతే. ఈశాన్య రుతుపవనాలు దిగి, వారం రోజులు ముసురు పట్టి, వసారాలో ఆరేసిన లుంగీ మూడో రోజుకు కూడా ముక్కిపోయిన వాసన కొడుతున్నప్పుడు గానీ అది బయటపడదు. ఒంగోలు నుంచి గూడూరు దాకా ఉన్న మా బంధువులు ఏటా ఆ నెలల్లోనే ఫోన్ చేసి ఒకే మాట అడుగుతారు: "మెషీను తిరగతానే ఉండాది, బట్టలు మాత్రం నీళ్లోడతా ఉండాయి. మోటారు పోయిందంటావా?"

చాలాసార్లు మోటారు పోయి ఉండదు. బట్టలు బాగా పిండుకోవాలంటే మూడు పనులు జరగాలి. టబ్బులోని నీరు పూర్తిగా బయటికి పోవాలి, బట్టలు ఒకే పక్కకు చేరకుండా సమంగా కూర్చోవాలి, ఆ తరువాత టబ్బు తన పూర్తి వేగాన్ని అందుకోవాలి. ఈ మూడింటినీ ఇదే వరుసలో పరీక్షించాలి, ఎందుకంటే మొదటి రెండింటికీ దాదాపు ఖర్చు ఉండదు, పైగా అవి సరిగా లేనప్పుడు మూడోదాన్ని ఎంత పరీక్షించినా తప్పు జవాబే వస్తుంది.

1. ముందు తడిని తూకం వేయండి

"చాలా తడిగా ఉన్నాయి" అన్నది అంచనా మాత్రమే, పైగా చలికాలంలో చేతికి ప్రతి బట్టా తడిగానే తోస్తుంది. అందుకని పొడిగా ఉన్న నూలు తువ్వాళ్లను రెండు కిలోలు తూచి పెట్టుకోండి. ప్రయాణపు సంచులు తూచే చిన్న కొక్కెం తక్కెడ ఇందుకు సరిపోతుంది. వాటిని తడిపి, మామూలుగా స్పిన్ చేసి, బయటికి తీసిన వెంటనే మళ్లీ తూచండి.

మంచి స్థితిలో ఉన్న ఫ్రంట్ లోడ్ మెషీన్ నిమిషానికి 1400 చుట్లు తిరిగినప్పుడు, పొడి బరువులో సుమారు 50 శాతం నీరు బట్టల్లో మిగులుతుంది. 1000 చుట్లయితే సుమారు 60 శాతం, 700 నుంచి 800 చుట్లు మాత్రమే తిరిగే టాప్ లోడ్ మెషీన్లలో 70 శాతం దాకా మిగలడం సహజమే. అంటే రెండు కిలోల తువ్వాళ్లు 3.2 కిలోలు తూగినా, టాప్ లోడ్‌లో 3.4 కిలోలు తూగినా మెషీన్ తన పని తాను చేస్తున్నట్టే. అదే నాలుగు కిలోలకు చేరితే లోపం ఉన్నట్టే. ఆ అంకెను తేదీతో సహా కాగితం మీద రాసి మెషీన్ పక్కన అంటించండి. తరువాత చేసే ప్రతి మరమ్మతు ఫలించిందో లేదో ఆ అంకెతో పోల్చుకునే తేల్చుకోవాలి.

వేగం తగ్గితే పిండే బలం అంతకన్నా వేగంగా పడిపోతుందన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, టబ్బు వేగం సగమైతే పిండే బలం పావు వంతే మిగులుతుంది. వేగంలో మూడో వంతు కూడా తగ్గకముందే బలం సగానికి దిగిపోతుంది. కంటికి జోరుగానే తిరుగుతున్నట్టు కనిపించే టబ్బు కూడా బట్టలను తడిగా వదిలేయడానికి కారణం ఇదే.

2. విప్పే ముందు

- ప్లగ్గును గోడ సాకెట్ నుంచి పూర్తిగా లాగేయండి. స్విచ్ ఆపితే చాలదు.
- కుళాయి కట్టేసి, లోపల నీరుంటే వంపేయండి.
- మెషీన్ ఉన్న చోట నేల పొడిగా ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి.
- వెనుక మూత విప్పే ముందు, ఏ తీగ ఎక్కడికి పోయిందో సెల్‌ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీసుకోండి.
- స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ స్పానర్, పట్టకారు, టార్చి లైటు, మల్టీమీటర్, ఒక పాత పళ్ల బ్రష్ దగ్గర పెట్టుకోండి.
- విప్పిన స్క్రూలు పడేసుకోవడానికి ఒక గిన్నె ఉండాలి. పెరట్లో పడిన స్క్రూ మళ్లీ దొరకదు.

మెషీన్‌ను ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమన్నట్టు అనిపించి ఉంటే, తడి సంగతి పక్కన పెట్టి ముందు ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఎర్త్ తీగ బిగించిన స్క్రూలే తుప్పు పట్టి ఊడిపోతుంటాయి.

3. నీరు పోతోందా?

టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీరు నిలిచి ఉంటే, ఎంత మంచి మోటారైనా ఆ నీటిని చిలుకుతుందే తప్ప బట్టలను పిండదు. పూర్తి ఆటోమేటిక్ మెషీన్లయితే నీరు పోలేదని గ్రహించి అసలు స్పిన్ జోలికే వెళ్లవు, లేదా సగం వేగంతో తిప్పి ముగించేస్తాయి.

రెండేళ్ల కిందట మా ఇంట్లోనే ఈ సంగతి జరిగింది. మాది పదకొండేళ్ల సెమీ ఆటోమేటిక్, అంటే ఉతకడానికి ఒకటి, పిండడానికి (స్పిన్) ఒకటి, రెండు టబ్బులుండే రకం. చూడ్డానికి వచ్చిన మెకానిక్ రెండు నిమిషాల్లోనే స్పిన్ మోటారు మార్చాలని తేల్చి, అడ్వాన్సు కూడా అడిగాడు. ఆ సాయంత్రం మా ఆవిడ, అడుగున మిగిలిన సబ్బు మరకను కడగడానికి స్పిన్ టబ్బులో ఒక చెంబెడు నీళ్లు పోసింది. ఆ నీళ్లు దిగలేదు, పళ్లెంలో పోసినట్టు అలాగే నిలిచాయి. గొట్టం వెంట వెళ్లి చూస్తే విషయం తెలిసింది. అంతకు నెల ముందే దొడ్లో కొత్తగా సిమెంటు చేయించాము, దాంతో తూము నోరు మూడంగుళాలు పైకి లేచింది. గొట్టం కొస మెషీన్ అడుగు కన్నా ఎత్తున కూర్చుంది. మోటారు అయిదు నిమిషాల పాటు నీళ్లలోనే బట్టలను తిప్పి ఊరుకుంటోంది. మెషీన్ కాళ్ల కింద ఎత్తుపీట వేయించాక అదే మోటారు ఇప్పటికీ పని చేస్తోంది.

సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో, మన దగ్గర అమ్మే చాలా టాప్ లోడ్ మెషీన్లలో నీరు పల్లానికి దానంతట అదే పోతుంది, తోడే పంపు ఉండదు. వీటిలో గొట్టం నేల మీదే, వంపులు లేకుండా, కొస పల్లంగా ఉండాలి. ఫ్రంట్ లోడ్‌లో పంపు ఉంటుంది కాబట్టి గొట్టం కొస ఎత్తునే ఉండాలి. ఆ ఎత్తు ఎంతన్నది మెషీన్ వెంట వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అవసరమైన దానికన్నా మరీ కిందికి దించితే, పట్టిన నీరు పట్టినట్టే జారిపోయే ఇంకో ఇబ్బంది వస్తుంది.

ఈ కింది వరుసలో చూడండి:

- గొట్టం గోడకూ మెషీన్‌కూ మధ్య నలిగి ఉందా? మడత పడిందా?
- గొట్టం కొస తూములోని మురుగునీటిలో మునిగి ఉందా? మునిగితే లోపలి గాలికి దారి లేక నీరు మెల్లగా దిగుతుంది.
- గొట్టాన్ని ఊడదీసి, ఒక చివర నోరు పెట్టి కాకుండా కుళాయికి పట్టి నీళ్లు వదలండి. బూడిదరంగు జిగురు ముద్దలు వస్తే, అది ఏళ్ల తరబడి పేరుకున్న నూలు పీచు, సబ్బు కలిసిన మడ్డి.
- ఎలుకలు గొట్టాన్ని కొరికాయా? కొరికితే నీరు దారిలోనే కారుతుంది, మెషీన్ కింద తేమ నిలుస్తుంది.

సెమీ ఆటోమేటిక్‌లో ఖాళీ స్పిన్ టబ్బులో అర బక్కెట నీళ్లు ఒక్కసారిగా పోయండి. కాసేపట్లో గడగడమంటూ అంతా దిగిపోవాలి. నిలిస్తే, టార్చి వేసి లోపలి బుట్టకూ బయటి టబ్బుకూ మధ్య సందులోకి చూడండి. చేతిరుమాలు, చంటిపిల్లల మేజోడు, బొందు తాడు ఆ సందులోకి జారి నీటి దారికి అడ్డం పడడం చాలా మామూలు. వంకర చేసిన తీగతో మెల్లగా లాగితే చాలావరకు వస్తుంది. బుట్టను మాత్రం బలవంతంగా పైకి పీకకండి.

టాప్ లోడ్ ఆటోమేటిక్‌లో నీరు నింపి, డ్రెయిన్ మాత్రమే నడిచేలా పెట్టి సమయం చూడండి. అయిదు నిమిషాలు దాటినా నీరు దిగకపోతే గొట్టంలో గానీ, అడుగున ఉండే డ్రెయిన్ వాల్వులో గానీ అడ్డంకి ఉన్నట్టు. ఆ వాల్వు రబ్బరు కింద నాణెమో, గుండీయో ఇరుక్కుంటే రెండు రకాలుగా నష్టం జరుగుతుంది: నీరు సరిగా పోదు, ఉతికేటప్పుడు నీరు నిలవదు.

ఫ్రంట్ లోడ్‌లో ముందు భాగాన కింది మూలలో చిన్న తలుపు, దాని వెనుక తిప్పి తీసే ఫిల్టరు ఉంటాయి. పదేళ్లుగా దాన్ని ఒక్కసారి కూడా తెరవని ఇళ్లు చాలా ఉన్నాయి. వెడల్పాటి పళ్లెం, పాత తుండు గుడ్డ పెట్టుకుని, నీరు చల్లారాక మెల్లగా తిప్పండి. హెయిర్‌పిన్నులు, నాణేలు, కాగితపు ముద్దలు తీసేశాక, ఆ రంధ్రంలోకి టార్చి వేసి పంపు రెక్క చేతికి తిరుగుతోందా అని వేలితో చూడండి. మిగతా పంపుల్లా కాకుండా ఇది తడబడుతూ, ఆగి ఆగి తిరుగుతుంది. అది లోపం కాదు, లోపల అయస్కాంతం ఉంటుంది.

4. నురుగు, సున్నం, గంజి

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో సబ్బు పెద్దగా నురగదు. నురుగు రాలేదని ఇంట్లో వాళ్లు ఇంకో గుప్పెడు పొడి వేస్తారు. జాడించే దశలో అదంతా నురుగుగా మారి, బుట్టకూ బయటి టబ్బుకూ మధ్య గాలి దిండులా నిండి, టబ్బును వేగం అందుకోనివ్వదు. కొన్ని ఆటోమేటిక్ మెషీన్లు ఈ నురుగును గుర్తించి స్పిన్‌ను మధ్యలోనే ఆపేస్తాయి.

పరీక్ష సులువే. ఉతికిన తువ్వాళ్లనే మళ్లీ పొడి వేయకుండా ఒక్క జాడింపుకు పెట్టండి. నీళ్లు నురగలు కక్కితే పొడి ఎక్కువైనట్టు. వాడే కొలతను సగానికి తగ్గించి రెండు వారాలు చూడండి. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో చేతి ఉతుకు పొడిని వాడకూడదు, దాని నురుగు ఆ మెషీన్‌కు పడదు.

బోరు నీళ్ల వల్ల పేరుకున్న సున్నం పోవడానికి ఖాళీ టబ్బులో వేడినీళ్లతో వంద గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి ఒకసారి తిప్పి కడిగేయవచ్చు. దానితో పాటు బ్లీచింగ్ పొడిని గానీ, బట్టలు తెల్లబరిచే క్లోరిన్ ద్రావణాన్ని గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

గంజి పెట్టిన నూలు చీరలు, పంచెలు స్పిన్ టబ్బులో వేసే అలవాటు ఉంటే, బుట్ట రంధ్రాల చుట్టూ వేలు పెట్టి రాయండి. అట్టకట్టిన గంజి గరుకుగా తగులుతుంది. గోరువెచ్చటి నీళ్లతో బ్రష్ పెట్టి రుద్దితే పోతుంది. గంజి బట్టలను చేత్తో పిండి ఆరేసుకోవడమే మేలు. ఎలాగూ వాటిని మెషీన్‌లో పిండితే ఇస్త్రీకి లొంగని ముడతలు పడతాయి.

5. బట్టలు సమంగా కూర్చున్నాయా?

సెమీ ఆటోమేటిక్ స్పిన్ టబ్బు సామర్థ్యం తరచూ వాష్ టబ్బు కన్నా తక్కువ. ఉతికిన బట్టలన్నింటినీ ఒకే విడతలో కుక్కితే పైభాగం పిండుకుని, మధ్యలోనివి తడిగానే మిగులుతాయి. బట్టలను రెండు విడతలుగా చేసి, బుట్ట గోడ చుట్టూ చుట్టచుట్టినట్టు పరచండి. చీరనయితే చుట్ట కుదురులా గుండ్రంగా పేర్చాలి. చేత్తో నొక్కి, పైన ప్లాస్టిక్ జాలి మూతను బట్టల మీద అడ్డంగా అమర్చాలి. ఈ మూత పోగొట్టుకున్న ఇళ్లలో బట్టలు పైకి లేచి సందులో పడతాయి.

ఫ్రంట్ లోడ్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ఒకే ఒక్క బరువైన రగ్గో, రెండు జీన్స్ ప్యాంట్లో వేస్తే అవి ఒక పక్కకే చేరతాయి. మెషీన్ వాటిని సర్దడానికి మెల్లగా అటూ ఇటూ తిప్పి, కుదరక, తక్కువ వేగంతో ముగిస్తుంది. అప్పుడు రెండు మూడు తువ్వాళ్లు తోడు వేసి మళ్లీ స్పిన్ పెట్టండి. అదే తడి పోతే మెషీన్‌లో ఏ లోపమూ లేదు.

రెయిన్ కోట్లు, రెక్సిన్ పరుపు గలేబులు, నీరు లోపలికి దిగని ఏ గుడ్డనైనా స్పిన్‌లో వేయకండి. నీరు వాటిలో తిత్తిలా నిలిచి, వేగం అందుకున్నాక ఒక్కసారిగా కదిలితే, మెషీన్ ఎగిరి పక్కకు పడేంత అదురు పుడుతుంది.

నేల వాలు కూడా ఇందులో భాగమే. మన దొడ్లలో నేలను తూము వైపు వాలుగా కడతారు, మెషీన్‌ను సరిగ్గా అక్కడే పెడతారు. మెషీన్ మీద అంచుదాకా నీళ్లు పోసిన పళ్లెం పెట్టి చూడండి. నీరు ఒక పక్కకు ఒరిగితే కాళ్లను తిప్పి సరిచేసి, పైనున్న నట్టును గట్టిగా బిగించండి. చక్రాల స్టాండు మీద పెట్టిన మెషీన్ ఎప్పటికీ స్థిరంగా ఉండదు, నా మట్టుకు నేను ఆ స్టాండ్లను తీసేయమనే చెబుతాను.

6. కరెంటు చాలినంత వస్తోందా?

ఇన్వర్టర్ మోటారు (వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌తో సర్దుకునే మోటారు) లేని పాత మెషీన్లలో, మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. ఫ్యాను కాస్త మెల్లగా తిరిగినట్టు కనిపించే ఆ పూటే స్పిన్ టబ్బు పూర్తి వేగం అందుకోలేకపోవచ్చు.

స్పిన్ నడుస్తుండగా అదే బోర్డులోని పక్క సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉండి, స్పిన్ మొదలవగానే బాగా పడిపోతుంటే, లోపం వీధి లైనులో కాక ఇంటి తీగల్లోనో, సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డులోనో ఉంటుంది. మెషీన్‌ను నేరుగా గోడ సాకెట్‌కు తగిలించండి. రాత్రి ఏడు నుంచి పది దాకా మాత్రమే ఈ బాధ ఉంటే ఉతుకును పొద్దుటి పూటకు మార్చి, మళ్లీ తూకం వేసి చూడండి. అప్పుడు తేడా కనిపిస్తే స్టెబిలైజర్ కొనడం గురించి ఆలోచించవచ్చు.

7. సెమీ ఆటోమేటిక్ స్పిన్ టబ్బు: నాలుగు చోట్ల చూడాలి

నీరు పోతోంది, బట్టలు సమంగా ఉన్నాయి, కరెంటు బాగుంది, అయినా తడి పోలేదంటే ఇప్పుడు వెనుక మూత విప్పాలి.

*బ్రేకు తీగ.* స్పిన్ మూత తెరవగానే టబ్బు ఆగడానికి, మూత నుంచి కిందికి ఒక సన్నని ఉక్కు తీగ వెళ్లి, మోటారు మీది డ్రమ్మును పట్టుకునే బ్రేకు చెక్కకు తగులుతుంది. మూత వేస్తే తీగ లాగబడి బ్రేకు వదలాలి. ఏళ్లు గడిచే కొద్దీ తీగ సాగుతుంది, మూత వేసినా బ్రేకు పూర్తిగా వదలదు, రాసుకుంటూనే ఉంటుంది. గుర్తులు మూడు: రబ్బరు కాలిన వాసన, డ్రమ్ము చుట్టూ నల్లటి పొడి, ఖాళీ టబ్బు కూడా నిదానంగా వేగం అందుకోవడం. ప్లగ్గు తీసి, మూత వేసి, కింద డ్రమ్మును చేత్తో తిప్పండి. గీర్‌మనకుండా తేలిగ్గా తిరగాలి. రాసుకుంటుంటే తీగను కొద్దిగా బిగించి కట్టండి. మరీ బిగిస్తే మూత తెరిచినా టబ్బు ఆగదు, అది చేతులకు ప్రమాదం. మూత తెరిచిన కొన్ని సెకన్లలోనే టబ్బు ఆగేలా ఉండాలి.

*కెపాసిటర్.* మెకానిక్‌లు దీన్నే కండెన్సర్ అంటారు. మోటారుకు ఊపునిచ్చే ఈ చిన్న డబ్బా కాలం గడిచే కొద్దీ బలహీనపడుతుంది. టబ్బు మొదట హూమ్ అని మూలిగి ఆలస్యంగా కదలడం, రెండు చొక్కాలయితే తిప్పి నాలుగు తువ్వాళ్లయితే మొరాయించడం దీని గుర్తులు. డబ్బా మీద మైక్రోఫారడ్లలో ఒక అంకె ఉంటుంది. వాష్, స్పిన్ మోటార్లు రెండింటికీ కలిపి ఒకే డబ్బా ఉంటే రెండు అంకెలుంటాయి. మీటరులో కొలత ఆ అంకె కన్నా పది శాతానికి మించి తగ్గితే మార్చాలి. అదే అంకె, అదే వోల్టేజి ఉన్నదే కొనాలి. "కొంచెం పెద్దది వేస్తే జోరుగా తిరుగుతుంది" అని దుకాణంలో ఎవరైనా చెబితే వినకండి, మోటారు చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి, దాన్ని ఖాళీ చేయడం తెలియని వారు ఈ ఒక్క పనిని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి. మొత్తం ఖర్చు వందల్లోనే ఉంటుంది.

*కప్లింగ్ బోల్టులు.* మోటారు ఇరుసునూ బుట్ట ఇరుసునూ కలిపే చోట బోల్టు వదులైతే మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది, బుట్ట మాత్రం జారుతూ తిరుగుతుంది. కింద శబ్దం ఎక్కువ, పైన జోరు తక్కువ అనిపిస్తే ముందు ఇదే చూడండి. స్పానర్‌తో బిగించడం పది నిమిషాల పని.

*రబ్బరు సీలు.* టబ్బు అడుగున ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు చిరిగితే, సబ్బునీరు నేరుగా మోటారు మీదికి కారుతుంది. మోటారు పైన తెల్లటి చారలు, తుప్పు కనిపిస్తే సీలు పోయినట్టే. ఇది తడికి వెంటనే కారణం కాకపోవచ్చు గానీ, తుప్పు బేరింగులోకి దిగాక మోటారు బిగుసుకుని మెల్లబడుతుంది. సీలు మార్చకుండా మోటారు ఒక్కటే మార్చితే, కొత్త మోటారుకూ అదే గతి పడుతుంది. మెకానిక్‌ను ఈ మాట తప్పక అడగండి.

8. టాప్ లోడ్ ఆటోమేటిక్

ఇందులో ఒకే మోటారు ఉతకడానికీ పిండడానికీ పని చేస్తుంది. డ్రెయిన్ వాల్వును లాగే చిన్న మోటారే క్లచ్ లీవరును కూడా లాగి, గేర్ బాక్సును స్పిన్‌కు మార్చుతుంది. ఆ లాగుడు సగంలో ఆగితే నీరు మెల్లగా పోతుంది, బుట్ట కూడా సరిగా పట్టుకోదు. ఈ రెండు లోపాలూ కలిసి కనిపిస్తే ఆ చిన్న మోటారును అనుమానించాలి.

బెల్టు ఉన్న మెషీన్ అయితే, వెనుకకు ఒరిగించి, ఇద్దరు పట్టుకుని ఉండగా బెల్టు మధ్యలో వేలితో నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోతే చాలు. అంతకు మించి వేలాడితే మోటారును పట్టిన బోల్టులు వదులు చేసి, వెనక్కి జరిపి బిగించాలి. బెల్టు అంచులు పగిలినా, అద్దంలా నున్నబడినా మార్చేయాలి. ఎలుకల కాట్లు కూడా ఇక్కడే దొరుకుతాయి. మెషీన్ అడుగున సన్నని ఇనుప జాలి బిగించడం చవకైన పని, ఎంతో అవసరమైన పని.

ఇక టబ్బును వేలాడదీసే నాలుగు కడ్డీలు. ఖాళీ టబ్బును ఒక మూల కిందికి నొక్కి వదలండి. ఒకటి రెండు ఊపుల్లో కుదురుకోవాలి. తొట్టిల ఊగినట్టు ఊగుతూనే ఉంటే కడ్డీల స్ప్రింగులు, గ్రీజు అయిపోయినట్టు. బట్టలు సమంగా ఉన్నా టబ్బు ప్రతిసారీ పక్కలకు తగిలి మెషీన్ ఆగిపోవడానికి కారణం ఇదే. మార్చేటప్పుడు నాలుగూ కలిపే మార్చాలి.

9. ఫ్రంట్ లోడ్

ముందు సెట్టింగు చూడండి, ఇది నవ్వులాట కాదు. పిల్లలు బటన్ నొక్కి స్పిన్ వేగాన్ని 400కు దించేసినా, పట్టుబట్టల ప్రోగ్రాంలో తువ్వాళ్లు వేసినా మెషీన్ చెప్పిన పనే చేస్తుంది.

ఆ తరువాత ఫిల్టరు, బెల్టు, కింది షాక్ అబ్జార్బర్లు. ఇన్వర్టర్ లేని పాత మోటార్లలో కార్బన్ బ్రష్షులు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగితే డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది గానీ వేగం అందుకోదు, ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది. రెండు బ్రష్షులనూ కలిపే మార్చాలి. స్పిన్‌లో విమానం లేచినంత హోరు వస్తూ, డ్రమ్మును చేత్తో పైకి కిందికి ఊపినప్పుడు వదులుగా కదిలితే, బేరింగులు పోయినట్టు. అది ఇంట్లో చేసుకునే పని కాదు.

10. తరచూ జరిగే పొరపాట్లు

- తడి పోలేదని ప్రతిసారీ రెండు మూడు స్పిన్‌లు వేయడం. లోపం అలాగే ఉంటుంది, మోటారు అదనంగా కాలుతుంది.
- అదురు తగ్గాలని మెషీన్ మీద రాయో, బియ్యపు బస్తాయో పెట్టడం.
- జారుతున్న బెల్టుకు నూనె రాయడం.
- మూత స్విచ్‌ను తీగతో కలిపేసి, మూత తెరిచే స్పిన్ నడపడం. తిరిగే టబ్బులోని చీర కొంగు చేతిని లాక్కుంటే మణికట్టు విరుగుతుంది.
- టబ్బు కదలడం లేదని కరెంటు ఉండగానే చేత్తో తిప్పి ఊపునివ్వడం.
- ఒకేసారి మూడు భాగాలు మార్చడం. ఏది లోపమో ఎప్పటికీ తెలియదు.

11. మెకానిక్‌ను పిలిచినప్పుడు

"బట్టలు తడిగా ఉంటున్నాయి" అని ఊరుకుంటే, ఆయన తనకు అలవాటైన భాగాన్నే మార్చుతాడు. మీరు చూసినవి వరుసగా చెప్పండి: నీరు ఎంతసేపట్లో దిగుతోంది, స్పిన్ నడుస్తుండగా వోల్టేజి ఎంత, ఖాళీ టబ్బు ఎలా తిరుగుతోంది, తువ్వాళ్ల బరువు ఎంత వచ్చింది. మార్చిన పాత భాగాన్ని మీకే ఇమ్మని ముందే అడగండి.

గొట్టం, బెల్టు, కెపాసిటర్, బ్రేకు తీగ, సీలు వందల్లో తేలేవి కాబట్టి మెషీన్ వయసు చూడకుండా బాగు చేయించుకోవచ్చు. మోటారు, గేర్ బాక్సు, ఫ్రంట్ లోడ్ బేరింగులు వేలల్లోకి వెళతాయి. పదేళ్లు దాటిన మెషీన్‌కు మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతుందంటే నేను అక్కడితో ఆగిపోతాను. పైగా అడుగు రేకు తుప్పుకు చిల్లులు పడి ఉంటే, ఆ మూడో వంతు కూడా పెట్టను.

మెకానిక్ వెళ్లక ముందే, ఆయన ఎదుటే, అవే రెండు కిలోల తువ్వాళ్లను తడిపి, స్పిన్ చేసి, తూచండి. మెషీన్ పక్కన అంటించిన కాగితం మీద పాత అంకె కింద కొత్త అంకె రాసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.